స్మెడ్లీ బట్లర్

స్మెడ్లీ డార్లింగ్టన్ బట్లర్ (జూలై 30, 1881 - జూన్ 21, 1940) అమెరికా సంయుక్త రాష్ట్రాల మెరైన్ దళానికి చెందిన ప్రముఖ సేనాని, వక్త, రచయిత. సుమారు 33 సంవత్సరాలు సైనిక సేవ చేసి 1931లో మేజర్ జనరల్ హోదాలో పదవీ విరమణ పొందాడు. ఆ కాలమున మెరైన్ దళంలో అంతకు మించిన హోదా లేదు. సైనిక పరాక్రమానికి అమెరికా ఇచ్చే అత్యున్నత పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను రెండు వేర్వేరు సంఘటనలకు గాను రెండుసార్లు అందుకున్న మెరైన్లు ఇద్దరే ఉన్నారు. వారిలో బట్లర్ ఒకడు, డాన్ డేలీ రెండవవాడు.

ఇన్ని పతకాలు పొందినవాడైనప్పటికీ చరిత్రలో ఆయన పేరు నిలిచింది పదవీ విరమణ అనంతరం పలికిన మాటల వలన, వ్రాసిన ఒక చిన్న పుస్తకం వలన. 1935లో వెలువడిన వార్ ఈజ్ ఎ రాకెట్ అను ఆ పుస్తకంలో యుద్ధం కొద్దిమందికి లాభాలు, పెక్కుమందికి ప్రాణనష్టం తెచ్చే వ్యాపారమని ఆయన వాదించాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవారు రక్షణ విధానంపైన, విదేశీ వ్యవహారాలపైన బహిరంగంగా అభిప్రాయం చెప్పడం అమెరికాలో కొత్త కాదు. కానీ తన సొంత సేవా చరిత్రనే సాక్ష్యంగా నిలబెట్టి, తాను గెలిచిన యుద్ధాలనే తప్పుపట్టిన ఉన్నత సేనాని బట్లర్‌కు ముందు మరొకరు కనబడరు.

బాల్యము, కుటుంబ నేపథ్యము

బట్లర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని వెస్ట్ చెస్టర్ పట్టణంలో, ముగ్గురు కుమారులలో పెద్దవాడిగా జన్మించాడు. తండ్రి థామస్ స్టాకర్ బట్లర్, తల్లి మాడ్ డార్లింగ్టన్. ఉభయ కుటుంబాలు క్వేకర్ శాఖకు చెందిన క్రైస్తవులు. క్వేకర్లు యుద్ధాన్ని, హింసను మతపరంగా నిరాకరిస్తారు. అటువంటి ఇంటి నుండి ఒక సేనాని రావడమే విశేషం. తండ్రి న్యాయవాదిగా, న్యాయమూర్తిగా పనిచేసి 1897 నుండి 1928లో మరణించే వరకు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్నాడు. 1920లలో ఆ సభ యొక్క నౌకాదళ వ్యవహారాల సంఘానికి అధ్యక్షుడు కూడా. మాతామహుడు స్మెడ్లీ డార్లింగ్టన్ సైతం అదే సభలో సభ్యుడిగా పనిచేశాడు. కనుక కుమారుని సైనిక జీవితానికి తండ్రి పలుకుబడి అండగా నిలిచిందన్న విషయాన్ని విస్మరించరాదు. పై అధికారులతో ఎన్నిసార్లు తగవు పడినా బట్లర్ ఉద్యోగం నిలవడానికి అదొక కారణం.

1898లో స్పెయిన్‌తో యుద్ధం ఆరంభమైనపుడు బట్లర్ హావర్‌ఫర్డ్ పాఠశాలలో చదువుతున్నాడు. పదిహేడేళ్ళు నిండక ముందే చదువు మాని, వయస్సు ఎక్కువ చెప్పి, మెరైన్ దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. తండ్రికి ఇది మొదట ఇష్టం లేకపోయినా తరువాత అంగీకరించాడు. బట్లర్ క్యూబాలోని గ్వాంటనామో చేరేసరికి అక్కడి పోరాటం ముగిసిపోయింది.

సైనిక జీవితము

మెరైన్లు అనగా యుద్ధనౌకలపై ప్రయాణించి, అవసరమైన చోట తీరానికి దిగి పోరాడే సైనికులు. వీరు నౌకాదళ శాఖ క్రింద పనిచేస్తారు. ఆ రోజులలో ఒక చిన్న దేశపు రేవులో కొన్ని వందల మంది మెరైన్లను దింపడానికి అమెరికా ప్రభుత్వం యుద్ధ ప్రకటన చేయనవసరం లేదని భావించేది. అమెరికన్ల ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ కల్పిస్తున్నామని చెబితే సరిపోయేది. 1898 నుండి 1930ల ఆరంభం వరకు మధ్య అమెరికా, కరీబియన్ ద్వీపాలు, చైనాలలో ఈ పద్ధతి పదే పదే అమలయింది. బట్లర్ జీవితం దాదాపుగా ఈ దండయాత్రల పట్టిక వంటిదే.

1899లో ఆయనను ఫిలిప్పీన్స్‌కు పంపారు. అక్కడ స్పెయిన్ నుండి విముక్తి పొందిన ప్రజలు తమ కొత్త పాలకులైన అమెరికన్లపై తిరగబడి ఉన్నారు. 1900లో బాక్సర్ తిరుగుబాటును అణచడానికి ఎనిమిది దేశాల సేనలతో పాటు చైనాలో అడుగుపెట్టాడు. (ఈ సేనలలో బ్రిటిషువారు పంపిన భారతీయ సైనికులు కూడా ఉన్నారు.) జూలై 13న టియెన్‌సిన్ నగరం వద్ద జరిగిన పోరులో, గాయపడిన సహచర అధికారిని రక్షించడానికి కందకం దాటి వెళ్ళి తొడలో తుపాకీ గుండు తగిలించుకున్నాడు. ఆనాటి నిబంధనల ప్రకారం మెరైన్ అధికారులు మెడల్ ఆఫ్ ఆనర్‌కు అర్హులు కారు. అందుచేత ఆయనకు కెప్టెన్‌గా గౌరవ పదోన్నతి ఇచ్చారు. అప్పటికి ఆయనకు ఇంకా పంతొమ్మిది సంవత్సరాలు నిండలేదు.

1903లో హోండురాస్‌కు వెళ్ళాడు. 1905లో ఎథెల్ కాన్వే పీటర్స్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమార్తె, ఇద్దరు కుమారులు కలిగారు. 1908లో తీవ్రమైన మానసిక అలసటకు గురై తొమ్మిది నెలలు సెలవు తీసుకుని, ఆ కాలంలో వెస్ట్ వర్జీనియాలో ఒక బొగ్గు గని వ్యవహారాలు చూశాడు. 1909 నుండి 1912 వరకు పనామా కాలువ ప్రాంతం కేంద్రంగా ఉంటూ నికరాగువాలో పలుమార్లు చర్యలు నిర్వహించాడు. అక్కడ జ్వరంతో ఎర్రబడిన ఆయన కళ్ళను చూసి సైనికులు బరమా వంటి చూపు కలవాడన్న అర్థంలో ఓల్డ్ గిమ్‌లెట్ ఐ అని పేరు పెట్టారు. ఆ పేరు జీవితాంతం నిలిచింది.

1914 ఏప్రిల్‌లో అమెరికా సేనలు మెక్సికోలోని వెరాక్రూజ్ రేవును ఆక్రమించాయి. ఈ చర్యకు గాను యాభైకి పైగా మెడల్ ఆఫ్ ఆనర్ పతకాలను ఉదారంగా పంచిపెట్టారు. వాటిలో ఒకటి బట్లర్‌కు దక్కింది. తాను దానికి తగిన పని ఏదీ చేయలేదంటూ ఆయన పతకాన్ని తిరిగి పంపాడు. పతకాన్ని ఉంచుకోవడమే గాక ధరించవలసిందిగా కూడా నౌకాదళ శాఖ ఆదేశించింది.

హైతీ

బట్లర్ తరువాతి కాలంలో చేసిన విమర్శలను అర్థం చేసుకోవడానికి హైతీ ఘట్టం అన్నింటికన్నా ముఖ్యమైనది. 1915 జూలై 28న హైతీ అధ్యక్షుడు విల్‌బ్రన్ గియోమ్ సామ్‌ను ఒక గుంపు చంపివేసింది. అదే రోజున అమెరికా మెరైన్లు రాజధానిలో దిగారు. ఆనాడు మొదలైన ఆక్రమణ 1934 వరకు సాగింది. కాకోలు అని పిలువబడే స్థానిక తిరుగుబాటుదారులు ఉత్తర ప్రాంతపు కొండలలోని పాత కోటలను ఆశ్రయించి పోరాడారు. నవంబరు 17న వారి చివరి స్థావరాలలో ఒకటైన రివియేర్ కోటలోకి, గోడలోని ఇరుకైన తూము గుండా ఇద్దరు సైనికుల వెంట బట్లర్ ప్రాకుతూ ప్రవేశించాడు. లోపల జరిగిన పోరులో యాభై మందికి పైగా కాకోలు మరణించారు. ఆ తరువాత కోటను పేల్చివేశారు. ఈ చర్యకే ఆయనకు రెండవ మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది. అప్పటి నౌకాదళ సహాయ కార్యదర్శి, తరువాత దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1917లో హైతీ వెళ్ళి ఆ కోటను స్వయంగా చూశాడు.

తదుపరి బట్లర్ హైతీ జండార్మెరీ అను సాయుధ పోలీసు దళాన్ని నిర్మించి దానికి అధిపతి అయ్యాడు. 1917లో విదేశీయులకు భూమి కొనే హక్కు కల్పించే కొత్త రాజ్యాంగాన్ని హైతీ జాతీయ సభ ఆమోదించడానికి సిద్ధపడలేదు. అప్పుడు సాయుధులతో సభకు వెళ్ళి దానిని రద్దు చేయించిన వాడు బట్లరే. ఆయన దళం రహదారుల నిర్మాణానికి రైతులను బలవంతంగా వెట్టిచాకిరీకి తరలించింది. 1864 నాటి ఒక పాత హైతీ చట్టాన్ని ఇందుకు ఆధారంగా చూపారు. రోడ్లు వేగంగానే పూర్తయ్యాయి. కానీ వెట్టి వలన పుట్టిన ఆగ్రహం 1918లో షార్లమాన్ పెరాల్త్ నాయకత్వంలో పెద్ద తిరుగుబాటుగా మారింది. అప్పటికి బట్లర్ హైతీ విడిచి వెళ్ళాడు.

ప్రపంచ యుద్ధము, ఫిలడెల్ఫియా

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడే అవకాశం కోసం బట్లర్ ఎంత ప్రయత్నించినా ఆయనను యుద్ధరంగానికి పంపలేదు. 1918 అక్టోబరులో బ్రిగేడియర్ జనరల్ హోదాతో ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవు వద్ద గల పోంటనేజన్ శిబిరానికి అధిపతిని చేశారు. అమెరికా నుండి వచ్చే సైనికులు మొదట దిగే స్థలం అది. మోకాటి లోతు బురద, రోగాలు, కిక్కిరిసిన గుడారాలతో దుస్థితిలో ఉంది. రేవులో వృథాగా పడి ఉన్న చెక్కపలకలను తెప్పించి బురద మీద పరిపించి, తాను కూడా భుజాన పలక మోసి, కొద్ది కాలంలోనే శిబిరాన్ని చక్కదిద్దాడు. దీనికి సైన్యము, నౌకాదళము రెండూ ఆయనను పతకాలతో సత్కరించాయి. సామాన్య సైనికులలో ఆయనకు గల ఆదరణకు రివియేర్ కోట కన్నా ఈ చెక్కపలకలే ఎక్కువ కారణం అనవచ్చు.

1924 జనవరిలో అధ్యక్షుడు కూలిడ్జ్ అనుమతితో దళం నుండి సెలవు తీసుకుని ఫిలడెల్ఫియా నగరపు ప్రజా భద్రతా సంచాలకుడిగా చేరాడు. అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్న కాలమది. బట్లర్ అక్రమ మద్యశాలలపై వరుస దాడులు చేయించాడు. బీదవారి సారా దుకాణాలపై దాడి చేసినంత కాలం నగర పెద్దలు మెచ్చుకున్నారు. సంపన్నుల హోటళ్ళ మీదకు, క్లబ్బుల మీదకు వెళ్ళేసరికి అడ్డు తగిలారు. 1925 డిసెంబరులో ఆ పదవి ముగిసింది. 1927 నుండి 1929 వరకు చైనాలో మెరైన్ల దళానికి నాయకత్వం వహించి, ఒక్క పోరాటం కూడా లేకుండా ఆ బాధ్యతను ముగించాడు. 1929లో మేజర్ జనరల్ అయ్యాడు.

ముస్సోలినీ వివాదము

1929లోనే బట్లర్ నోరు ఆయనకు శత్రువుగా మారసాగింది. నికరాగువాలో తాము జరిపించిన ఎన్నికలు ఎంత బూటకమైనవో పిట్స్‌బర్గ్‌లో ఒక ప్రసంగంలో చెప్పినందుకు అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం ఆగ్రహించింది. 1930 జూలైలో మెరైన్ దళాధిపతి వెండెల్ నెవిల్ మరణించినపుడు, హోదాలో ముందున్న బట్లర్‌ను కాదని బెన్ ఫుల్లర్‌ను నియమించారు.

1931 జనవరిలో ఫిలడెల్ఫియాలోని ఒక క్లబ్బులో ప్రసంగిస్తూ ఆయన ఇటలీ నియంత ముస్సోలినీ గురించి ఒక సంగతి చెప్పాడు. ముస్సోలినీ నడుపుతున్న కారు ఒక పసిబిడ్డను ఢీకొన్నదని, అయినా ఆయన ఆగకుండా సాగిపోయాడని దాని సారాంశం. ఆ కారులో ప్రయాణించిన కార్నీలియస్ వాండర్‌బిల్ట్ జూనియర్ ఈ సంగతిని బట్లర్‌కు చెప్పాడు. ఇటలీ ప్రభుత్వం నిరసన తెలుపగా అమెరికా క్షమాపణ చెప్పి, బట్లర్‌ను నిర్బంధించి సైనిక విచారణకు ఆదేశించింది. అంతర్యుద్ధం తరువాత ఒక అమెరికన్ జనరల్ నిర్బంధానికి గురికావడం ఇదే ప్రథమం. పత్రికలు, ప్రజలు బట్లర్ పక్షాన నిలిచారు. చివరకు విచారణను విరమించి మందలింపుతో సరిపెట్టారు. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆయన పదవీ విరమణ చేశాడు.

మాజీ సైనికుల పక్షాన

1932లో రిపబ్లికన్ పార్టీ తరఫున పెన్సిల్వేనియా సెనేట్ స్థానానికి పోటీ చేయదలచి, పార్టీ అభ్యర్థి ఎంపికలో జేమ్స్ డేవిస్ చేతిలో ఓడిపోయాడు. మద్యనిషేధాన్ని సమర్థించడం ఈ ఓటమికి ఒక కారణం. ఎన్నికల రాజకీయాలలో ఆయనకు అదే మొదటి ప్రయత్నం, అదే చివరిది.

ఆ వేసవిలో వాషింగ్టన్ నగరం చుట్టూ వేలాది మాజీ సైనికులు గుడిసెలు వేసుకుని ఉన్నారు. ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి అదనపు భత్యం చెల్లించాలని 1924లో చట్టం చేసినప్పటికీ, ఆ సొమ్ము 1945లో గాని చేతికి రాదు. ఆర్థిక మాంద్యంలో ఉపాధి కోల్పోయినవారు దానిని వెంటనే ఇమ్మని కోరారు. సుమారు 17,000 మంది మాజీ సైనికులు, కుటుంబాలతో కలిపి నలభై వేలకు పైగా జనం అక్కడ చేరారని అంచనా. ప్రతినిధుల సభ వారి కోరికను ఆమోదించినా జూన్ 17న సెనేట్ త్రోసిపుచ్చింది. జూలైలో బట్లర్ తన కుమారుడు థామస్‌తో శిబిరానికి వెళ్ళాడు. వారితో భోజనం చేసి, రాత్రి అక్కడే గడిపి, వేదికనెక్కి ప్రసంగించాడు. వ్యాపార సంస్థలకు చట్టసభలను ఆశ్రయించే హక్కు ఉన్నపుడు సైనికులకు ఎందుకు ఉండదని ప్రశ్నించాడు. శాంతిని భగ్నం చేయవద్దని, చేస్తే ప్రజల సానుభూతి పోతుందని హెచ్చరించాడు కూడా. జూలై 28న పోలీసు కాల్పులలో ఇద్దరు మాజీ సైనికులు ప్రాణాపాయానికి గురై మరణించారు. అదే రోజు డగ్లస్ మెకార్థర్ నాయకత్వంలో సైన్యం ఆశ్వికదళంతో, ట్యాంకులతో, బాష్పవాయువుతో వారిని వెళ్ళగొట్టగా గుడిసెలు తగలబడిపోయాయి. ఈ సంఘటనతో బట్లర్ తన పార్టీకి చెందిన హూవర్‌ను వ్యతిరేకించి రూజ్‌వెల్ట్‌కు మద్దతు పలికాడు. ఆ భత్యం చెల్లింపునకు 1936లో చట్టం వచ్చింది. విశేషమేమనగా రూజ్‌వెల్ట్ కూడా దానిని నిరాకరించగా, ఆయన నిరాకరణను త్రోసిరాజని చట్టసభలు ఆమోదించాయి.

కుట్ర ఆరోపణ

1934 నవంబరులో బట్లర్ ప్రతినిధుల సభకు చెందిన మెకార్మక్-డిక్‌స్టీన్ సంఘం ఎదుట ప్రమాణం చేసి ఒక సంచలన వాంగ్మూలం ఇచ్చాడు. జెరాల్డ్ మెగ్వైర్ అను బాండ్ల వ్యాపారి 1933 వేసవి నుండి తనను పలుమార్లు కలిశాడని, మొదట అమెరికన్ లీజియన్ అను మాజీ సైనికుల సంఘంలో బంగారు ప్రమాణానికి అనుకూలంగా ప్రసంగించమని కోరాడని తెలిపాడు. పిమ్మట ఐదు లక్షల మాజీ సైనికుల దళానికి నాయకత్వం వహించి, అధ్యక్షుని నామమాత్రుని చేసి, పాలనను మరొకరి చేతికి అప్పగించే పథకాన్ని తన ముందుంచాడని చెప్పాడు. దీని వెనుక ధనవంతులు ఉన్నారని మెగ్వైర్ తనతో అన్నట్లు కూడా చెప్పాడు. వారిలో సింగర్ కుట్టుమిషన్ల సంపదకు వారసుడైన రాబర్ట్ స్టెర్లింగ్ క్లార్క్ తనను స్వయంగా కలిశాడని వివరించాడు. యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్సులో మాజీ సైనికుల సంఘాలు రాజకీయాలను ఎలా శాసిస్తున్నాయో మెగ్వైర్ చూసి వచ్చిన మాట వాస్తవం.

మెగ్వైర్, క్లార్క్ ఆరోపణలను ఖండించారు. పెద్ద పత్రికలు చాలా వరకు దీనిని పరిహాసం చేశాయి. 1935 ఫిబ్రవరిలో సంఘం ఇచ్చిన నివేదిక మాత్రం అటువంటి ప్రయత్నాలు చర్చకు వచ్చినట్లు తేల్చింది. బట్లర్ చెప్పిన ముఖ్యాంశాలను, దళం ఏర్పాటు గురించిన ప్రత్యక్ష సంభాషణ మినహా, ధ్రువపరచుకోగలిగినట్లు పేర్కొంది. ఎవరిపైనా అభియోగం మోపలేదు. మెగ్వైర్ 1935లో మరణించాడు. ఈ పథకం ఎంత దూరం సాగిందన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. గట్టి సన్నాహమని కొందరు, ఒక దళారి గొప్పలు మాత్రమేనని కొందరు అంటారు. ధనవంతులు సైనికుల మధ్య ఆదరణ కలిగిన ఒక సేనాని కోసం వెదికి ఉంటే, ఎంచుకోకూడని మనిషిని ఎంచుకున్నారన్నది మాత్రం నిశ్చయం.

వార్ ఈజ్ ఎ రాకెట్

ఈ పుస్తకం మొదట ప్రసంగ రూపంలో దేశమంతటా వినిపించింది. తెలుగు పత్రికలలో కిడ్నీ రాకెట్, పాస్‌పోర్టు రాకెట్ అనునపుడు ఏ అర్థం వస్తుందో ఇక్కడ కూడా అదే అర్థం. పైకి ఒకటిగా కనిపిస్తూ, లోపల కొద్దిమంది లాభం కోసమే నడిచే అక్రమ వ్యవహారం రాకెట్టు. ఆకాశంలోకి ఎగిరే రాకెట్టుకు దీనితో సంబంధం లేదు.

పుస్తకం అయిదు చిన్న అధ్యాయాలుగా ఉంది. మొదట లాభాల లెక్కలు చెబుతుంది. యుద్ధానికి ముందు సాలీనా సగటున 60 లక్షల డాలర్లు ఆర్జించిన డూపాంట్ సంస్థ యుద్ధకాలంలో సగటున 5 కోట్ల 80 లక్షలు ఆర్జించిందని, బెత్లెహేమ్ స్టీల్ సంస్థ లాభం 60 లక్షల నుండి 4 కోట్ల 90 లక్షలకు పెరిగిందని బట్లర్ చూపాడు. పిదప ప్రభుత్వం కొని పారవేసిన సామగ్రిని వర్ణించాడు. నలభై లక్షల సైనికులకు మూడున్నర కోట్ల జతల బూట్లు కొన్నారు. తన రెజిమెంటులో మనిషికి ఒక జత మాత్రమే అందింది. రెండు కోట్ల దోమతెరలు కొన్నారు, ఒక్కటి కూడా ఫ్రాన్సు చేరలేదు. సముద్రం దాటిన అమెరికా ఆశ్వికదళం లేకపోయినా లక్షల సంఖ్యలో జీనులు తయారయ్యాయి. ఈ అంకెలలో కొన్ని సెనేట్ పత్రాల నుండి తీసుకున్నవి, కొన్ని వేదిక మీద చెప్పడానికి గుండ్రంగా చేసుకున్నవి. ఆర్థిక శాస్త్రవేత్త లెక్కలుగా వీటిని తీసుకోరాదు. అయితే సరఫరా శిబిరాన్ని స్వయంగా నడిపిన మనిషి, అందని సామాను గురించి చెబుతున్నపుడు ఆ మాటలకు వేరే బలం ఉంటుంది.

తరువాత మూల్యం చెల్లించేవారి విషయం వస్తుంది. దేశంలోని 18 ప్రభుత్వ ఆసుపత్రులను తాను చూశానని, అక్కడ యాభై వేల మంది శిథిలమైన మనుషులు ఉన్నారని వ్రాశాడు. చంపడానికి శిక్షణ ఇచ్చిన యువకులను, యుద్ధం ముగియగానే ఏ శిక్షణా లేకుండా మామూలు జీవితంలోకి విసిరివేశారని, వారిలో అనేకులు మనస్సు చెదిరి ఇనుప కటకటాల వెనుక మిగిలారని వివరించాడు. సైనికుని నెల జీతం 30 డాలర్లు. అందులో సగం కుటుంబానికి, కొంత బీమాకు, మిగిలినది యుద్ధ బాండ్ల కొనుగోలుకు పోయేది. అనగా తన యుద్ధ ఖర్చును సైనికుడే చెల్లించాడని బట్లర్ వాదన.

పరిష్కారంగా ఆయన మూడు సూచనలు చేశాడు. యువకులను నిర్బంధంగా సైన్యంలో చేర్చడానికి ముందు పెట్టుబడిని, పరిశ్రమలను, వాటి అధిపతులను నిర్బంధంగా చేర్చి, అందరికీ నెలకు ఆ 30 డాలర్లే ఇవ్వాలి. యుద్ధం చేయాలా వద్దా అన్నది పోరాడవలసిన వయస్సు గలవారి ఓటుతో నిర్ణయించాలి. సైనిక బలగాలను స్వదేశ రక్షణకే పరిమితం చేయాలి. నౌకలు తీరం నుండి 200 మైళ్ళు, గస్తీ విమానాలు 500 మైళ్ళు దాటరాదు, సైన్యం దేశపు ఎల్లలు ఎన్నడూ దాటరాదు. పసిఫిక్ మహాసముద్రంలో జపాన్ వైపుగా అమెరికా జరిపే నౌకా విన్యాసాలను ఇదే దృష్టితో విమర్శించాడు. జపాను నౌకలు లాస్ ఏంజలెస్ ముంగిట విన్యాసాలు చేస్తే అమెరికన్లకు ఎలా ఉంటుందో ఆలోచించమన్నాడు.

అదే సంవత్సరం కామన్ సెన్స్ అను పత్రికలో వ్రాసిన వ్యాసం మరింత సూటిగా ఉంటుంది. మెక్సికోలో చమురు సంస్థల కొరకు, హైతీ, క్యూబాలలో నేషనల్ సిటీ బ్యాంకు కొరకు, నికరాగువాలో బ్రౌన్ బ్రదర్స్ బ్యాంకు కొరకు, డొమినికన్ రిపబ్లిక్‌లో చక్కెర వ్యాపారుల కొరకు, చైనాలో స్టాండర్డ్ ఆయిల్ కొరకు తాను పనిచేశానని, తనను తాను ముఠాల బలవంతపు వసూలుదారునితో పోల్చుకున్నాడు.

ప్రభావము, విమర్శ

బట్లర్ మాటలు వినడానికి కాలం అనుకూలించింది. 1934-36 మధ్య సెనేటర్ జెరాల్డ్ నై అధ్యక్షతన ఆయుధ పరిశ్రమపై విచారణ జరిగింది. 1935 నుండి వరుసగా తటస్థతా చట్టాలు వచ్చాయి. యుద్ధంపై ప్రజల ఓటు కోరే లడ్లో సవరణ 1938 జనవరిలో ప్రతినిధుల సభలో 188-209 ఓట్ల తేడాతో చర్చకు రాకుండానే ఆగిపోయింది. ఇవన్నీ బట్లర్ వలన కలిగినవి కావు. కానీ ఈ వాదాలను కార్మికుల సభలకు, మాజీ సైనికుల సమావేశాలకు, రేడియో శ్రోతలకు అర్థమయ్యే భాషలో చేర్చిన వారిలో ఆయన ముఖ్యుడు.

ఆయన ఆలోచనలోని లోపాలు కూడా స్పష్టమైనవే. యుద్ధాలన్నిటికీ వ్యాపార లాభమే మూలమన్న సూత్రం హిట్లర్ విషయంలో చాలలేదు. యూరప్ గొడవలు అమెరికా తీరాన్ని తాకవన్న నమ్మకం 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ దాడితో కూలిపోయింది, అది చూడడానికి ఆయన బ్రతికి లేడు. హైతీలో బ్యాంకుల పాత్రను నిలదీసినంతగా, తన ఆజ్ఞల క్రింద వెట్టిచేసిన రైతుల గురించి ఆయన మాట్లాడలేదు. ఆయన కోపం ఎక్కువగా మోసపోయిన అమెరికా సైనికుని తరఫున వెలువడింది. రెండవ వైపున నిలిచి మరణించినవారు ఆయన రచనలలో అరుదుగా కనిపిస్తారు. జొనాథన్ కాట్జ్ 2022లో ప్రచురించిన గ్యాంగ్‌స్టర్స్ ఆఫ్ కాపిటలిజం అను గ్రంథం బట్లర్ దండయాత్రలు సాగిన దేశాలకు వెళ్ళి, ఈ వైపు కథను కూడా పరిశీలించింది.

మరణము

విరామం లేని ప్రయాణాల తరువాత 1940లో బట్లర్ జబ్బుపడి ఫిలడెల్ఫియాలోని నౌకాదళ ఆసుపత్రిలో చేరాడు. జూన్ 21న, తన 58వ ఏట మరణించాడు. ఆ మరునాడు ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోతూ సంధిపత్రంపై సంతకం చేసింది. బట్లర్‌ను స్వస్థలమైన వెస్ట్ చెస్టర్ సమీపంలోని ఓక్‌లాండ్స్ శ్మశానవాటికలో సమాధి చేశారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం ఒక డిస్ట్రాయర్ నౌకకు ఆయన పేరు పెట్టింది. జపాన్‌లోని ఒకినావా దీవిలో గల అమెరికా మెరైన్ల స్థావరాలను కలిపి క్యాంప్ స్మెడ్లీ డి. బట్లర్ అని వ్యవహరిస్తారు. ఆ దీవి అమెరికా ప్రధాన భూభాగపు తీరం నుండి వేలాది మైళ్ళ దూరంలో ఉంది.